పిల్లలతో నోరు తెరవకుండా పాడటం ఎలా?

రాత్రి ఎనిమిదిన్నర. షట్టరు దించారు. సర్ఫులో రంపపు పొట్టు కలిపి చేతుల గ్రీజు వదిలించుకున్నారు. ఆటోనగర్ గేటు దాటి పటమటలో ఇంటి మెట్లెక్కారు. చెప్పులు ఇంకా విప్పనే లేదు, ఐదేళ్ళవాడు పరిగెత్తుకొచ్చి మోకాలు వాటేసుకుని "నాన్నా, నవ్వొచ్చే పాట!" అన్నాడు. వాడికి ఊరికే పాట సరిపోదు. ఇద్దరూ కలిసి పాడాలి, ఇద్దరికీ నవ్వు రావాలి. అమ్మ పాడితే ఒప్పుకోడు. నువ్వే పాడాలి, నువ్వే గెంతాలి, కప్పలా నువ్వే అరవాలి.

ఈ బాధ నాకు కొత్త కాదు. జవహర్ ఆటోనగర్‌లో లారీ ఎలక్ట్రికల్ షెడ్డు నడుపుకుంటూ ఇద్దరు పిల్లల్ని పెంచాను. పెద్దది పాటలడిగే వయసు దాటేసింది. చిన్నవాడు దాటడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఇద్దరికీ కలిపి నేను మొదటి నుంచి చివరిదాకా పాడిన పాటలు రెండే. అవి కూడా అనుభవం లేని రోజుల్లో నోరు జారినవి. తెలిసిన విద్య పదిమందికీ చెప్పకపోతే పాపం కాబట్టి అంతా ఇక్కడ విప్పి చెబుతున్నాను. పిల్లలంటే నాకు ప్రాణం. వాళ్ళు పాటలతో సంతోషంగా ఉండాలి, మన ఒళ్ళు అలవకూడదు. రెండూ కుదురుతాయి. ఇవాళ రాత్రి నుంచే మొదలుపెట్టండి.

1. గొంతు పోయిందని చెప్పండి

కానీ రోజూ ఒకే కారణం చెప్పకండి. వడ్డీవ్యాపారి లెక్క మర్చిపోతాడేమో గానీ పిల్లలు నిన్న మీరన్న మాట మర్చిపోరు. ఆటోనగర్‌లో మనకి సాకులకి కరువు లేదు. సోమవారం థిన్నరు వాసన. మంగళవారం పుట్టీ గీకిన దుమ్ము. బుధవారం పక్క షెడ్డులో గ్యాస్ వెల్డింగ్ పొగ. గురువారం బ్యాటరీ యాసిడ్ ఆవిరి. శుక్రవారం గ్రైండరు రజను. మెడకి మఫ్లరు చుట్టుకోండి, మే నెల బెజవాడ ఎండల్లో కూడా విప్పకండి. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని ఏ రోజు ఏ సాకు వాడారో రాసుకోండి. నేను రోజూ షెడ్డు మూసేముందు పావుగంట కూర్చుని రాస్తాను. పాట రెండు నిమిషాల్లో అయిపోతుంది కదా అని కొందరంటారు. ఆ లెక్కలోకి దిగకండి. పాట ఇవాళ పాడితే రేపు మళ్ళీ అడుగుతారు. సాకు అలా కాదు, ఖాతాలో నిలవుంటుంది.

గొంతు అరిగిపోయాక చెవికి మారండి. రోజుకి 8 గంటలు పనిచేసేవాడి చెవిమీద 90 డెసిబెల్స్ మించి మోత పడకూడదని మన దేశంలో ఫ్యాక్టరీలకి నిబంధన ఉంది. ఈ అంకె కంఠస్థం చేయండి. పిల్లాడు పాట అనగానే "తొంభై డెసిబెల్సురా నాన్నా, ఏం వినపడట్లేదు" అనండి. మా ఆవిడ వంటింట్లోంచి చేపల పులుసు అనగానే పలికి ఒకసారి దొరికిపోయాను. మీరు పలక్కండి. పులుసు చల్లారినా పర్వాలేదు, మాట నిలబడాలి.

2. ఆటపాటల్ని తూకం వేసి ఒప్పుకోండి

పాత ఆటపాటలన్నీ ఒక్కటి కాదు. లోడు చూసి కిరాయి మాట్లాడుకున్నట్టు, కష్టం చూసి పాట ఒప్పుకోండి.

ఒప్పులకుప్ప జోలికి పోకండి. చేతులు పట్టుకుని గిరగిరా తిరగాలి. నడుం పట్టేస్తుంది, పైగా ఒక్కసారితో తీరదు. చెమ్మచెక్క కూడా వద్దు.

కాళ్ళాగజ్జా మంచిది. అందరూ కాళ్ళు బారజాపుకుని కూర్చుంటే ఒకరు పాడుతూ ఒక్కో కాలూ ముట్టుకుంటూ పోతారు. చివరి మాట ఏ కాలిమీద పడితే ఆ కాలు ముడవాలి. రెండూ ముడిచినవాళ్ళు పండినట్టు, లేచి పోవచ్చు. తెలివి చూపాల్సింది ఇక్కడే. పాటలో మాటలు ముందే లెక్కపెట్టుకోండి. ఎన్ని కాళ్ళున్నాయో చూసి, చివరి మాట మీ కాలిమీద పడేచోట కూర్చోండి. ఒక కాలు ముడిచాక లెక్క మారుతుంది, దాహమేస్తోందని లేచి ఈసారి ఇంకోచోట కూర్చోండి. ముగ్గురున్నప్పుడు ఎక్కడ, నలుగురున్నప్పుడు ఎక్కడ అని పాత బిల్లు వెనక పట్టిక వేసుకున్నాను. దానికి రెండు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు రెండో విడతలోనే పండిపోయి మంచమెక్కుతున్నాను. పిల్లలు ఇంకా కాళ్ళు జాపుకునే ఉంటారు.

గుడుగుడుగుంచం ఇంకా మేలు. పిడికిలిమీద పిడికిలి పెట్టి పాడి, చివర్లో అందరూ చేతులు వీపు వెనక దాచుకోవాలి. ప్యాంటు వెనకజేబులో ఫోను ఉంచుకోండి. చేతులు వెనక్కి పోగానే తడుముకుని హెల్పరుకి మిస్డ్ కాల్ కొట్టండి. వాడితో ముందే మాట్లాడుకుని ఉంటారు కాబట్టి వెంటనే ఫోన్ చేసి "అన్నా, సెల్ఫు పట్టట్లేదు, రోడ్డుమీద ఆగిపోయింది" అంటాడు. చెప్పులు వేసుకుని బయటపడండి.

వీరివీరి గుమ్మడిపండు, దాగుడుమూతలు దొరికితే మాత్రం అస్సలు వదలకండి. దాక్కోవడం మీ వంతు కావాలని పట్టుబట్టండి. ఒకసారి నేను దాక్కోవడానికని వెళ్ళి షెడ్డుకొచ్చి ఒక పదిచక్రాల బండి వెనకలైట్ల వైరింగంతా పూర్తిచేసుకున్నాను. ఇంటికెళ్ళేసరికి బీరువా తలుపులు తీసున్నాయి, బియ్యం డబ్బా మూత తీసుంది, వాడు మంచం కింద నన్ను వెతుకుతూ అక్కడే నిద్రపోయాడు. ఆ రాత్రి పాట ఊసే లేదు.

3. ఫోను చేతికివ్వండి, లెక్క చూపించండి

ఎవరైనా మిమ్మల్ని తప్పుపడితే "బేబీ షార్క్" అంకెలు చెప్పండి. 2016లో కొరియా కంపెనీ పింక్‌ఫాంగ్ పెట్టిన ఆ వీడియో 2020 నవంబరుకి యూట్యూబ్‌లో అన్నిటికంటే ఎక్కువసార్లు జనం చూసినదైంది. 2022 జనవరికి వెయ్యి కోట్ల వీక్షణలు దాటింది. భూమ్మీద ఉన్న జనమే ఎనిమిది వందల కోట్లు. మనిషికొకసారి చూసినా ఇంకా మిగులుతుంది. ఇన్ని కోట్లమంది తల్లిదండ్రులు చేసిన పని మీరు చేస్తే తప్పెలా అవుతుంది?

రెండేళ్ళు నిండి ఐదు నిండని పిల్లలకి కూర్చోబెట్టి తెర చూపించడం రోజుకి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో చెప్పింది. సలహాని అక్షరాలా పాటించండి. గంట కాగానే పిల్లాణ్ణి లేపి నిలబెట్టండి. నిలబడి చూసేది కూర్చుని చూసినట్టు కాదు. కాళ్ళు నొప్పులంటే గోడకి ఆనుకోమనండి. తక్కువైతే ఇంకా మంచిదని కూడా ఆ సలహాలోనే ఉంది. అక్కడిదాకా చదవకండి.

4. పాట అడిగితే చరిత్ర చెప్పండి

ఇది నా చిట్కాలన్నిట్లో గౌరవమైనది. చూసేవాళ్ళకి మీరు పిల్లాడితో కూర్చుని సంగీతం గురించి మాట్లాడుతున్న మంచి తండ్రిలా కనిపిస్తారు. పాట మాత్రం నోటిదాకా రాదు.

మాయాబజారులో "వివాహ భోజనంబు" తీసుకోండి. తాత, తండ్రి, మనవడు ఒకే క్షణంలో నవ్వే పాట తెలుగులో ఒకటుందంటే నా దృష్టిలో అదే. పెళ్ళివారికని వండిన భోజనమంతా కొండంత ఘటోత్కచుడు ఒక్కడే కూర్చుని లాగించేస్తాడు, మధ్యమధ్యలో తాళానికే నవ్వుతాడు. అందులో సగం మాటలు మూడేళ్ళవాడికి తెలియవు, ఆ నవ్వు మాత్రం తెలుస్తుంది. పెద్దవాళ్ళకి మాటలూ తెలుసు, ఆకలీ తెలుసు, అందుకని వాళ్ళూ ఆగలేరు. ఇంత ప్రమాదమైన పాట మరొకటి లేదు. పిల్లాడు అది అడగ్గానే ఎత్తుకోకండి. నెమ్మదిగా, మంచినీళ్ళు తాగి, ఇలా మొదలుపెట్టండి.

"అది 1957 మార్చి 27న వచ్చింది నాన్నా. విజయావారిది. కె.వి.రెడ్డిగారు తీశారు. పాడింది మాధవపెద్ది సత్యంగారు. తెరమీద కనిపించే ఎస్.వి.రంగారావుగారు ఎవరనుకున్నావు? మన నూజివీడులో 1918లో పుట్టారు. నూజివీడంటే మామిడిపళ్ళ ఊరు. మామిడిపళ్ళలో రసాలు వేరు, బంగినపల్లి వేరు..." ఇక్కడ మామిడిపళ్ళమీద పది నిమిషాలు గడపండి. తర్వాత సంగీతానికి రండి. ఆ సినిమాకి సాలూరి రాజేశ్వరరావుగారు కొన్ని బాణీలు కట్టి తప్పుకుంటే మిగతా పనంతా ఘంటసాలగారు చూశారు. ఘంటసాలగారు 1922లో మన గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. అక్కడి నుంచి గుడివాడ ఎలా వెళ్ళాలి, ఏ బస్సెక్కాలి, ఎక్కడ దిగాలి. ఒక్క పాటకి రెండు ఊళ్ళు దొరికాయి చూశారా. పాత కృష్ణాజిల్లాలో పుట్టడం ఇలాంటప్పుడే కలిసొస్తుంది.

అప్పటికీ కళ్ళు మూతపడకపోతే రేడియోలోకి దిగండి. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడ పనిచేసిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు పెద్దవాళ్ళకి లలిత సంగీతం కట్టిన చేత్తోనే పిల్లలకి "జేజిమామయ్య పాటలు" రాశారు. అంతకుముందు మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనిపించుకున్నారు. పిల్లల్నే మైకు ముందుకి తెచ్చి పాడించారు, ఆడించారు. 1945లో "బాల" అని పత్రిక కూడా నడిపారు. తెలుగుదేశంలో ఎక్కడెక్కడి పిల్లలో ఆ ఇద్దరినీ సొంత అన్నా అక్కా అనుకున్నారంటే ఊరికే అనుకోలేదు. పాడమని చెప్పి వాళ్ళు తప్పుకోలేదు, పక్కన కూర్చున్నారు. ఈ చివరి ముక్క పిల్లాడికి చెప్పకండి. మిమ్మల్ని కూర్చోమంటాడు.

నా అనుభవంలో రెండో వారానికి పిల్లాడే "చరిత్ర వద్దు నాన్నా, పాట కూడా వద్దు" అంటాడు. అక్కడితో మాయాబజారు మూతపడుతుంది.

5. నోట్లో రెండు స్క్రూలు పెట్టుకోండి

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎక్కడో టీవీలో ఆ ఘటోత్కచుడి పాట వస్తుంది. పిల్లాడు పొట్టమీద కొట్టుకుంటూ నవ్వడం మొదలుపెడతాడు. పిల్లల నవ్వు అంటురోగం, పక్కవాడికి తగులుకుంటుంది. మీరు ఒక్కసారి నవ్వారంటే ఇక వారమంతా అదే అడుగుతాడు. మన ఎలక్ట్రీషియన్లు రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు స్క్రూలు పెదాల మధ్య పట్టుకుంటారు కదా, అలా పట్టుకోండి. నవ్వితే గొంతులోకి పోతాయన్న భయానికి మూతి దానంతటదే బిగుసుకుంటుంది. నేను ఇంట్లో ఉన్నంతసేపూ స్క్రూలు పెట్టుకునే ఉంటాను. దానితో మాటలు కూడా తగ్గాయి, అదొక లాభం.

6. రివర్స్ హారన్‌తో జోలపాట పాడించండి

ఇది పూర్తిగా నా సొంత పని. ఆటోనగర్ బయటివాళ్ళకి తట్టదు.

గేరుబాక్సు మీద రివర్స్ లైటు స్విచ్చు ఉంటుంది. డ్రైవరు వెనక్కి గేరు వేయగానే అది కలుస్తుంది, వెనక లైటు వెలుగుతుంది, దానికి కలిపిన హారన్ ట్యూను మోగిస్తుంది. బయట పెద్ద డబ్బాలా కనిపిస్తుంది గానీ ట్యూను ఉండేది చిన్న చిప్‌లో. యూఎం66 అని మూడు కాళ్ళతో బియ్యపుగింజకి అన్నలా ఉండేది ఒకటుంది. 64 స్వరాల దాకా ఒకే ఒక బాణీ అందులో అచ్చయి ఉంటుంది, కరెంటు ఉన్నంతసేపూ మళ్ళీ మళ్ళీ అదే వాయిస్తుంది. పాతరోజుల్లో తెరవగానే మోగే గ్రీటింగు కార్డుల్లో ఉండేదీ ఈ జాతిదే. వియన్నాలో బీథోవెన్ 1810లో రాసిన "ఫ్యూర్ ఎలీజ్" బాణీ ఉన్న చిప్ తీసుకోండి. అలసట లేదు, గొంతు నొప్పి లేదు, మధ్యలో మంచినీళ్ళడగదు. తండ్రిగా ఇంతకంటే ఏం కావాలి?

మూడు వోల్టులు చాలు దానికి. లారీ బ్యాటరీల 24 వోల్టులు నేరుగా ఇస్తే మాడిపోతుంది, నేను రెండు మాడ్చాను. ట్రాన్సిస్టరు ఒకటి వేసి స్పీకరు కలపండి. రివర్స్ స్విచ్చు తీసుకెళ్ళి పిల్లాడి పరుపు కింద పెట్టండి. వాడు పడుకోగానే స్విచ్చు కలుస్తుంది, పాట మొదలవుతుంది. లేస్తే ఆగిపోతుంది. మొదటి నాలుగు రాత్రులు వాడు లేచి పడుకుని, లేచి పడుకుని పన్నెండు దాకా ఆడాడు. ఓపిక పట్టండి. ఐదో రాత్రికి సొమ్మసిల్లి పడుకున్నాడు.

పక్కింటివాళ్ళు గొడవకొస్తే చట్టం చెప్పండి. వరసగా వేరువేరు స్వరాలు పలికే హారన్ బండికి బిగించకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వది అంటుంది. మంచం మోటారు వాహనం కాదు, దానికి ఆర్సీ లేదు. శబ్దం ఎక్కువైందంటే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు తీయండి. ఇళ్ళున్నచోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. పరిశ్రమలున్నచోట పగలు 75, రాత్రి 70. ఇల్లు పటమటలోదే అయినా హారన్ ఆటోనగర్‌ది కాబట్టి 70 దాకా మనకి హక్కుందని గట్టిగా చెప్పండి. గట్టిగా చెబితే హారన్ వినపడదు, వాళ్ళ ఫిర్యాదు కూడా తగ్గుతుంది.

ఫలితం చెబుతాను. ఇప్పుడు మా సందులో ఏ బండి వెనక్కి తీసినా వాడు ఎక్కడున్నా కళ్ళు వాలుస్తాడు. అన్నం ముందున్నా అంతే. పొద్దున స్కూలు బస్సు వెనక్కి తిప్పుకునేటప్పుడు ట్యూను మోగుతుంది, బస్సెక్కేలోపే వాడు బ్యాగుమీద తలవాల్చి నిద్రపోతాడు. టీచరుగారు రెండుసార్లు చీటీ పంపారు. దేశంలో ఎంతమంది తండ్రులకి ఇంత తేలిగ్గా నిద్రపోయే పిల్లాడున్నాడో చెప్పండి.

7. తప్పులు దిద్దండి

పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పాడుకోవడం మొదలుపెడితే మిమ్మల్ని కలవమని పిలిచే ప్రమాదం ఉంది. మొదటి లైనులోనే ఆపండి. "శ్రుతి పోయింది." రెండో లైనులో ఆపండి. "తాళం తప్పావు." ళ పలకడం రాలేదనండి. మనకి శ్రుతి అంటే ఏమిటో తెలియాల్సిన పనిలేదు, మొహం చిట్లిస్తే చాలు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఎనిమిదేళ్ళ వయసులోనే మన విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పూర్తి కచేరీ చేశారని గుర్తుచేయండి. "నీకు ఐదు. ఇంకా మూడేళ్ళే టైముంది" అనండి. ఆయన పక్కన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారిలాంటి గురువు ఉన్నారన్న సంగతి ఎత్తకండి.

మా పెద్దదానికి ఇది వారం పట్టింది. ఇప్పుడు స్నానాల గదిలో కూడా పాడదు. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

8. పక్కింటి మామ్మగారికి కాంట్రాక్టు ఇవ్వండి

ప్రతి వీధిలో ఒక మామ్మగారుంటారు. మా పక్కింటావిడకి బుర్రుపిట్ట పాట, చిట్టి చిలకమ్మ, పేర్లు కూడా తెలియని ఇంకో యాభై వచ్చు. నోట్లో పళ్ళు లేక స పలకబోతే శ వస్తుంది, దానికే పిల్లలు పడీపడీ నవ్వుతారు, ఆవిడ కూడా నవ్వుతుంది. డబ్బివ్వబోతే తిడుతుంది కాబట్టి పనిలో చెల్లేయండి. నెలకోసారి మిక్సీ జారు బుష్షు, పండగలకి ఫ్యాను కెపాసిటరు. బజారులో మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుందో ఆలోచించండి.

మొదట సాయంత్రాలు పంపండి, తర్వాత ఆదివారాలు. కొన్నాళ్ళకి పంపక్కర్లేదు, వాడే వెళతాడు. పోయిన వానాకాలం జ్వరమొచ్చినప్పుడు అర్ధరాత్రి లేచి మామ్మ కావాలని ఏడ్చాడు. ఆవిడ వచ్చి తెల్లారేదాకా తల నిమురుతూ బుర్రుపిట్ట పాడింది. నేను లేవాల్సిన అవసరమే రాలేదు. ఒక్క మిక్సీ బుష్షుకి ఇంత పని జరగడం నేనెప్పుడూ చూడలేదు.

9. స్కూలు వార్షికోత్సవంలో స్పానరు నంబర్లు చదవండి

ఇప్పుడు స్కూళ్ళలో కొత్త పద్ధతి. తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఒక సరదా పాట పాడాలట. ప్రాక్టీసుకి పిలుస్తారు. లోడు దిగింది, లోడు ఎక్కుతోంది అని తప్పించుకోండి. ఆ రోజు మాత్రం తప్పదు, స్టేజీ ఎక్కి పొడుగ్గా ఉన్నాయన వెనక నిలబడండి. పాట రాదు కాబట్టి పెదాలు కదలడానికి ఏదో ఒకటి కావాలి. డబుల్ స్పానరు సెట్టు చదవండి. పది-పదకొండు, పన్నెండు-పదమూడు, పద్నాలుగు-పదిహేను, పదహారు-పదిహేడు. నాలుగు మాటల తాళానికి చక్కగా సరిపోతుంది. దూరం నుంచి చూస్తే మనస్ఫూర్తిగా పాడుతున్నట్టే ఉంటుంది.

మైకు ఎక్కడుందో చూసుకోండి. నేను చూసుకోలేదు. పాట మధ్యలో అందరూ ఊపిరి తీసుకునే ఖాళీ వచ్చింది, "పద్దెనిమిది-పంతొమ్మిది" అని నా గొంతు హాలంతా వినిపించింది. జనం పగలబడి నవ్వారు. మావాడు మాత్రం తల తిప్పి నా వంక చూసి మళ్ళీ ముందుకి తిరిగిపోయాడు. ఆ తర్వాత స్కూల్లో ఏ కార్యక్రమం ఉన్నా వాడు మాకు చెప్పడం మానేశాడు. చీటీలు బ్యాగులోనే ఉండిపోతున్నాయి. కాబట్టి మైకు దొరికిపోయినా కంగారుపడకండి, పని అవుతుంది.

10. కరెంటు పోయినప్పుడు జాగ్రత్త

అన్నిటికంటే గట్టి హెచ్చరిక ఇది. ఫోను ఛార్జింగు ఉండదు, హారన్ మోగదు, మామ్మగారు మెట్లు దిగి రాలేరు. మీరూ పిల్లాడూ తప్ప ఏమీ మిగలదు.

నాకు ఒక్కసారే అలా జరిగింది. ఆదివారం, వాణ్ణి షెడ్డుకి తీసుకొచ్చాను. గాలివానకి కరెంటు పోయింది. షట్టరు సగం దించి లోపల కూర్చున్నాం. ఆటోనగరంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. గ్రైండర్లు లేవు, రేకుమీద సుత్తి దెబ్బ లేదు. వాడు మూలనున్న పాత బ్రేకు డ్రమ్ము దగ్గర కూర్చుని పద్నాలుగు నంబరు స్పానరుతో కొట్టాడు. గుళ్ళో గంటలా మోగింది. ఇంకోచోట కొట్టాడు, ఇంకో స్వరం పలికింది. కమాను పట్టీమీద కొట్టాడు, అది పొడిగా టక్కుమంది. వెతుక్కుని వెతుక్కుని మూడు చప్పుళ్ళతో ఒక తాళం పట్టాడు. తర్వాత వాడే పాట కట్టాడు.

జాకీ తాతకి నడుం నొప్పి
టైరు బామ్మకి గాలి నొప్పి
గ్రీజు మామా మందియ్యవా
నాన్న మూతికి రాసెయ్యవా

నాలుగో లైను దగ్గర నా వంక చూసి ఆగాడు. తర్వాత లైను నన్ను కట్టమన్నట్టు. నోట్లో స్క్రూలు లేవు, చీకట్లో ఎక్కడో పడిపోయాయి. కాలు తాళం వేస్తోందని అప్పుడు చూసుకున్నాను. నాలుక చివరికి "డీజిలు పిన్ని" అని వచ్చేసింది కూడా. ఇంకొక్క క్షణం ఆగితే ఇన్నేళ్ళ శ్రమ వృథా అయ్యేది. లేచి ఫ్యూజు చూసొస్తానని వానలో బయటికొచ్చేశాను. వీధిమొత్తం కరెంటు లేనప్పుడు ఫ్యూజులో చూసేదేమీ ఉండదు, అయినా వాన తగ్గేదాకా అక్కడే నిలబడ్డాను. మీరూ అలాగే చేయండి. గొడుగు తీసుకెళ్ళకండి, తీసుకెళితే వాడు కూడా వస్తానంటాడు.

ఈ పదీ వరసగా, ఒక్కటి కూడా వదలకుండా చేస్తే రెండేళ్ళు పడుతుంది. మా ఇంట్లో ఇప్పుడు ఎనిమిదిన్నరకి నేను మెట్లెక్కితే మోకాలు ఎవరూ పట్టుకోరు. చెప్పులు తీరిగ్గా విప్పుకుంటాను. మఫ్లరు మేకుకి తగిలించాను, సాకుల నోటుబుక్కులో ఈ నెల పేజీలు తెల్లగా ఉన్నాయి.

నిన్న రాత్రి నీళ్ళు తాగడానికి లేచాను. వాడి గదిలో హారన్ ఆపేసి ఉంది, వాడే వైరు పీకేశాడు. గోడవైపు తిరిగి పడుకుని, వేళ్ళతో మంచం పట్టీమీద చిన్నగా కొడుతూ జాకీ తాత పాట పాడుకుంటున్నాడు. గుమ్మంలో నిలబడి విన్నాను. నాలుగో లైనులో నాన్న తీసేసి మామ్మ అని పెట్టాడు. రెండూ రెండక్షరాలే కదా, తాళం ఎక్కడా తప్పలేదు. నోట్లో స్క్రూలు తీసి జేబులో వేసుకుని వెళ్ళి పడుకున్నాను.